పైన పటారం, లోన బంగరూష్!

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బ్రైటన్, హోవ్ అని పక్కపక్కనే రెండు ఊళ్లు. ఇప్పుడు రెండూ కలిసి ఒకే నగరం. హోవ్‌లో సముద్రానికి ఎదురుగా బ్రన్స్‌విక్ టెర్రస్ అని ఒక ఇళ్ల వరస ఉంది. వెన్నరంగు గోడలు, పెద్ద పెద్ద స్తంభాలు, పొడవాటి కిటికీలు. దూరం నుంచి చూస్తే ఎవరో మహారాజు కట్టించుకున్న ఒకే కోట అనుకుంటాం. దగ్గరికెళ్లి తలుపులు లెక్కపెడితేగానీ తెలీదు, అవి గోడకు గోడ ఆనించి కట్టిన వేరువేరు ఇళ్లని.

ఇంకో సంగతి. రాతి కట్టడంలా కనిపిస్తుంది కదా, అది రాయి కాదు. పూత! గోడకు నున్నగా పూత పూసి, రాళ్లు పేర్చినట్టు గీతలు గీసి, రంగు వేశారు. మరి ఆ పూత వెనకాల ఏముంది? ఈ నగరంలోని పాత ఇళ్లలో చాలావాటికి ఉన్నది బంగరూష్. పేరులో బంగారం వినిపిస్తోంది గానీ, సరుకు మాత్రం చెత్తే. విరిగిన ఇటుకలు, చెకుముకి రాళ్లు, గులకరాళ్లు, కర్రముక్కలు... ఏది దొరికితే అది రెండు చెక్కల మధ్య పోసి, సున్నం కలిపి గట్టిపరచేవాళ్లు. అదే గోడ!

ఎందుకంత తొందర? 1783లో వేల్స్ యువరాజు బ్రైటన్ రావడంతో ఊరి దశ తిరిగింది. 1801లో సుమారు 7 వేలున్న జనాభా 1831 నాటికి 40 వేలు దాటింది. లండన్ ధనవంతులంతా సముద్రం కనిపించే ఇల్లు కావాలన్నారు. బిల్డర్లు ముఖం అందంగా కట్టి అమ్మేశారు.

అందులో చేతులు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. థామస్ రీడ్ కెంప్ అనే ఆసామి 250 ఇళ్లతో కెంప్ టౌన్ కడదామనుకున్నాడు. 106 దగ్గర ఆగిపోయింది. అప్పులవాళ్ల బాధ పడలేక 1837లో దేశం వదిలి వెళ్లి, 1844లో పారిస్‌లో కన్నుమూశాడు. పేరు మాత్రం ఆ పేటకి మిగిలింది.

గట్టి పైపుతో నీళ్లు కొడితే బ్రైటన్ సగం కరిగిపోతుందని అక్కడివాళ్ల జోకు. అందులో కొంత నిజముంది. బంగరూష్ గోడ మరీ ఎండితే పొడిపొడిగా రాలుతుంది, మరీ తడిస్తే సున్నం కొట్టుకుపోతుంది. సున్నపు గోడకు ఊపిరాడాలి. "పాతబడింది కదా" అని పైన సిమెంటు ప్లాస్టరింగ్ చేశారో, లోపలి తడి బయటికి పోలేక గోడ లోలోపలే పాడవుతుంది. మన ఊళ్లలో డంగు సున్నంతో కట్టిన తాతలనాటి మేడలకు సిమెంటు పూయించి, ఆనక చెమ్మ దిగుతోందని తలపట్టుకునే తప్పు కూడా ఇదే.

పైగా ఉమ్మడి గోడ! ఒకరి చూరులో పగులు వస్తే, చెమ్మ పక్కింటాయన పడకగదిలో తేలుతుంది. నా ఇల్లు నా ఇష్టం అంటే కుదరదక్కడ.

1945లో హోవ్ పాలకులు బ్రన్స్‌విక్ టెర్రస్‌ని కూల్చేసి ఫ్లాట్లు కట్టాలని ఆలోచించారు. జనం ఊరుకోలేదు. రీజెన్సీ సొసైటీ పేరుతో సంఘం పెట్టి అడ్డం తిరిగారు. ఇళ్లు బతికాయి. 1976లో ఏకంగా చట్టమే వచ్చింది: అయిదేళ్లకోసారి రంగు వేయాల్సిందే, అందరిదీ ఒకే రంగు!

చిల్లర రాళ్లతో కట్టిన గోడలు రెండొందల ఏళ్లు ఎలా నిలబడ్డాయంటారా? గట్టిదనం వల్ల కాదండీ. ఎవరో ఒకరు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండబట్టి. మీ ఊళ్లో కూడా సున్నపు మేడ ఉంటే, కూలగొట్టే ముందు, కనీసం సిమెంటు బస్తా విప్పే ముందు, సున్నం పని తెలిసిన మేస్త్రిని ఒక్కసారి పిలిచి చూపించండి.