ఇంట్లో ట్రాక్టరుండగా జనరేటరెందుకు?

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు మా నాన్న వేసిన ప్రశ్న ఇది. "ఏట్రా, 45 హార్స్ పవరు ఇంజిను సావిట్లో పెట్టుకుని మళ్ళీ ఇంకో ఇంజిను కొనడమేటి? నువ్వు సదివింది కరెంటే కదా, సెప్పు" అన్నాడు.

నిజమే, చదివింది కరెంటే. నాలుగేళ్ళు ఈఈఈ చదివి, మెషీన్స్ ల్యాబులో మోటార్లు తిప్పి, ఆఖరికి హైదరాబాదులో జావా రాసుకుంటున్న బోలెడంతమందిలో నేనూ ఒకణ్ణి. ఇంట్లోవాళ్ళకి మాత్రం నేనింకా కరెంటు ఇంజినీర్నే. మిక్సీ తిరక్కపోయినా నాకే ఫోను :)

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను దసరా సెలవులకి ఇంట్లోనే ఉన్నా. ఫైనలియరు. పొద్దున్న లేచి చూస్తే కొబ్బరి తోట, జీడి తోట అన్నీ నేలమీద ఉన్నాయి. స్తంభాలు విరిగిపోయాయి. మా వీధికి కరెంటు మళ్ళీ వచ్చింది పదమూడో రోజున. ఆ పదమూడు రోజుల్లో మాకు తెలిసొచ్చిందేమిటంటే, కరెంటు లేకపోతే ముందుగా ఏడిపించేది చీకటి కాదు, ఫ్యాను కాదు, నీళ్ళు. బోరు ఉంది, బోర్లో నీళ్ళున్నాయి, పైకి రావు. ఆ తర్వాత ఫోన్లు.

ఐదో రోజున పెళ్ళిళ్ళకి లైటింగు కట్టే ఒకాయన దగ్గర చిన్న జనరేటరు అద్దెకి తెచ్చాం. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి, సిగ్గుచేటైనా సరే. రెండు పక్కలా మగ ప్లగ్గు ఉన్న వైరొకటి తయారుచేసి, ఒక కొస జనరేటర్లో, ఇంకో కొస మా హాల్లో సాకెట్లో పెట్టా. ఇల్లంతా వెలిగింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా. మెయిన్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయా. ఊళ్ళోనే కరెంటు లేదు కదా, ఇంక మెయిన్ ఏమిటి అనుకున్నానేమో, ఇప్పుడు గుర్తు లేదు.

పావుగంటకి వేరే జిల్లా నుంచి వచ్చిన లైన్మన్ ఒకాయన కేకలేస్తూ మా ఇంటికొచ్చాడు. వీధి చివర తెగిన తీగని కట్టబోతూ, అలవాటు కొద్దీ ముందు టెస్టు లాంపు పెట్టి చూశాడట. వెలిగింది. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అన్నీ నాకు తగినవే. చేతిలో ఆ లాంపు లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

ఇలాంటప్పుడు చాలామంది "ఊరంతటి లోడు పడితే జనరేటరే ఆగిపోతుంది కదా" అంటారు. మామూలు రోజుల్లో నిజమే. కానీ తుఫానులో లైను ఎక్కడో ఒకచోట తెగి ఉంటుంది. మన ఇల్లు, పక్క రెండిళ్ళు, ఒక తీగ ముక్క, అంతే లోడు. హాయిగా తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాకా లైను బాగుంటే మరీ ప్రమాదం. అది 11 వేల ఓల్టుల్ని దించడానికి పెట్టింది, వెనక్కి కరెంటు పంపిస్తే అంతే నమ్మకంగా పైకెక్కిస్తుంది. మన 230 అటువైపు వేలల్లోకి వెళ్తుంది.

అందుకని నాన్న ప్రశ్నకి నా మొదటి జవాబు జనరేటరు గురించి కాదు, ఛేంజోవర్ స్విచ్చు గురించి. నాలుగు పోళ్ళది, న్యూట్రల్‌తో సహా తెంపేది. హ్యాండిలు ఇటుంటే లైను, అటుంటే జనరేటరు, రెండూ ఒకేసారి కుదరని ఇనప ఏర్పాటు. మెయిన్ ఆఫ్ చెయ్యడం గుర్తుపెట్టుకుంటాంలే అంటే ఒప్పుకోను. గుర్తుపెట్టుకోలేనని నేనే రుజువు చేశా కదా.

ఇక అసలు విషయం. మొదట నేను ట్రాక్టరు వద్దనే అన్నా. నా లెక్క ఇదీ: రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ, మహా అయితే 300 వాట్లు. దానికోసం 45 హార్స్ పవరు ఇంజిను తిప్పడమంటే దోమని రోకలిబండతో కొట్టడమే. లోడు ఎంత తక్కువున్నా పీటీవో 540 చుట్లు తిరగాలంటే ఇంజిను మోడల్ని బట్టి 1,700 ప్రాంతంలో తిరుగుతూనే ఉండాలి. గంటకి రెండు లీటర్ల డీజిలు అనుకోండి, లీటరు వంద రూపాయలకి దగ్గర్లో ఉంది. రాత్రంతా ఫ్యాను కోసం రెండు వేలు! రోజూ పోయే రెండు మూడు గంటల కరెంటుకైతే 150 ఏహెచ్ బ్యాటరీతో మామూలు ఇన్వర్టరు చాలు. ఇది ఇప్పటికీ నా అభిప్రాయమే.

కానీ నాన్న అడుగుతున్నది రోజూ పోయే కరెంటు గురించి కాదని నాకు లేటుగా వెలిగింది. ఆయన బుర్రలో ఉన్నది ఆ పదమూడు రోజులు. అక్కడ ఇన్వర్టరు మొదటి రాత్రికే చేతులెత్తేస్తుంది. ఇంటిమీద సోలారు పెట్టించుకున్నవాళ్ళకి కూడా ఒక మాట: బ్యాటరీ లేకుండా లైనుకి కట్టిన సోలారు, లైను పోతే తనంతట తనే ఆగిపోతుంది. ఆ లైన్మన్ లాంటివాళ్ళ ప్రాణాల కోసమే అలా పెట్టారు. ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు.

మరి విడిగా డీజిల్ జనరేటరు? 15 కేవీఏ ది కొనాలంటే, ట్రాక్టరుకి తగిలించే అల్టర్నేటరు, గేర్ బాక్సు, ఫ్రేము అన్నీ కలిపి మాకు చెప్పిన ధరకి రెట్టింపు పైమాటే. డబ్బు సంగతి అలా ఉంచండి. నన్ను ట్రాక్టరు వైపుకి తిప్పింది వేరే కారణం. ఏడాదికోసారి, రెండేళ్ళకోసారి వాడే జనరేటరు వాడాల్సిన రోజున స్టార్టవదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, వైర్లు ఎలకలు కొరికేసి ఉంటాయి. ఆఫీసుల్లో మనకిది బాగా తెలుసు. బ్యాకప్ రోజూ వెళ్తుంటుంది, ఒక్కరోజూ రీస్టోర్ చేసి చూడం, సర్వరు పోయిన రోజున చూస్తే అందులో ఏమీ ఉండదు. ట్రాక్టరుకి ఆ బాధ లేదు. అది రోజూ పొలానికెళ్ళే ఇంజిను. నాన్న తన బీపీ మాత్రైనా మర్చిపోతాడు గానీ దాని ఆయిలు మార్చడం మర్చిపోడు.

సైజు దగ్గర మళ్ళీ గొడవ. షాపువాడు "45 హార్స్ పవరుకి 25 కేవీఏ తీసుకోండి" అన్నాడు. 25 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టరుతో 20 కిలోవాట్లు. కిలోవాటుకి పీటీవో దగ్గర రెండు హార్స్ పవరన్నది మోటు లెక్క. అంటే నలభై. మా బండికి పీటీవో దగ్గర వచ్చేదే సుమారు అంత. 15 కేవీఏ కైతే 24 చాలు, ఇంజినుకి ఊపిరాడుతుంది. అంతకన్నా చిన్నది ఎందుకు కాదంటే మా బోరు మోటారు 5 హార్స్ పవరు. తిరుగుతున్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది గానీ, స్టార్టింగులో మామూలుకి ఆరు రెట్ల కరెంటు లాగుతుంది. అందుకే ముందు మోటారు స్టార్ట్ చేసి, తర్వాతే ఇల్లు కలపాలి. ఇంటి లోడంతా ఒకే ఫేజు మీద వెయ్యకుండా పంచుకోవాలి కూడా.

స్పీడు సంగతి ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం కష్టమైంది. నాలుగు పోళ్ళ అల్టర్నేటరు 1,500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్. పీటీవో 540 ని గేర్ బాక్సు 2.78 రెట్లు పెంచి అక్కడికి తెస్తుంది. కానీ చేత్తో లాగే థ్రాటిలు కదా, ఎవరైనా కాస్త ఎక్కువ లాగితే? ఓల్టేజీని రెగ్యులేటరు పట్టుకుంటుంది, ఫ్రీక్వెన్సీని పట్టుకునేవాడెవడూ లేడు. 60 హెర్ట్జ్ కి వెళ్తే పంపు మీద భారం 20 శాతం కాదు, 70 శాతం పైన పెరుగుతుంది. కాబట్టి ఫ్రీక్వెన్సీ మీటరు ఉండి తీరాలి. ఖాళీగా ఉన్నప్పుడు 52 దగ్గర పెట్టుకుంటే, లోడు పడ్డాక 50 దగ్గరికి దిగుతుంది.

ఇన్ని లెక్కలేసి నేను గమనించనిది ఒకటి అమ్మ చెప్పింది. "తుఫానొచ్చిన మర్నాడు ట్రాక్టరు ఇంటికాడ ఉంటాదా?" ఉండదు! 2018లో మా ట్రాక్టరు పదిరోజులు రోడ్లమీద పడ్డ కొబ్బరిచెట్లు లాగుతూనే ఉంది. ఒకే రిసోర్సు కోసం ఇద్దరు కొట్టుకోవడమన్నమాట. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా ఇంటి దగ్గర, ట్యాంకులు నింపడానికి. వీధిలో ఎవరైనా బిందె తెచ్చుకోవచ్చు, ఫోను పెట్టుకోవచ్చు. తర్వాత చెట్ల పనికి. రాత్రికి ఇన్వర్టరు ఎంతసేపొస్తే అంత. లెడ్ బ్యాటరీ రెండు గంటల్లో నిండదు గనక దానికి విడిగా రెండు సోలారు పలకలు. తుఫాను కబురు మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తుంది కాబట్టి డీజిలు అప్పుడే నింపుకోవాలి. కరెంటు పోయాక బంకు దగ్గర క్యూ ఎలా ఉంటుందో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆర్డరిచ్చేశాం. ఛేంజోవర్ స్విచ్చు నేను దగ్గరుండి బిగించి, ఎర్తు గొయ్యి కూడా తవ్వించా. ఆ రెండు మగ ప్లగ్గుల వైరు అటక మీద ఇంకా ఉంది, దొరికింది. ముక్కలు చేసి పారేశా.

తేలనిది ఒకటే. షాఫ్టు మీద ప్లాస్టిక్ గార్డు. 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు, పంచె కొస తగిలితే వెనక్కి లాక్కునే టైముండదు. రోటవేటరు గార్డు నాన్న ఎప్పుడో పీకేసి షెడ్డు మూల పడేశాడు, "అడ్డం" అని. దీనిక్కూడా అదే చేస్తాడని నా భయం. గార్డు లేకపోతే జనరేటరు వెనక్కి పంపిస్తానన్నా. "సూద్దాంలేరా" అన్నాడు. సంక్రాంతికి వెళ్ళి చూడాలి.