మూగజీవి తరఫున ఒక్క మాట

ఈద్ దగ్గరపడితే పక్షుల జత కావాలని పిల్లలు మారాం చేయడం మన ఇళ్లలో మామూలే. అలా మేమూ ఒక పక్షుల దుకాణానికి వెళ్లాం. ఇరుకు పంజరంలో లవ్‌బర్డ్స్ కిక్కిరిసి ఉన్నాయి. ఒకటి మాత్రం అడుగున, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి మూలన కూర్చుంది. నీటి గిన్నె ఎండిపోయి ఉంది. "ప్రయాణం బడలిక భాయ్‌సాబ్, రేపటికి సర్దుకుంటుంది" అన్నారు దుకాణదారు. మేము తలూపి, వేరే పంజరంలోని జతను కొనుక్కుని వచ్చేశాం. దారిలో మా అమ్మాయి అడిగింది: "అబ్బాజాన్, దానికి నీళ్లు పెట్టమని ఎందుకు చెప్పలేదు?"

మా దగ్గర జవాబు లేదు.

పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ గురించి, దాహంతో అలమటిస్తున్న కుక్కకు నీళ్లు తాగించి దైవ మన్నింపు పొందిన వ్యక్తి గురించి మనం జుమా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఇక్కడ మరో రెండు సంఘటనలు గుర్తు చేసుకోవాలి. ఒక అన్సారీ తోటలో కన్నీరు కారుస్తున్న ఒంటెను దైవప్రవక్త (స) నిమిరి ఊరుకోలేదు. యజమాని ఎవరని వాకబు చేసి, దాన్ని పస్తులుంచి శ్రమపెడుతున్నందుకు మందలించారు. బజారులో ధాన్యపు రాశి అడుగున తడి తగిలినప్పుడు, కొనేవారికి కనిపించేలా దాన్ని పైన ఉంచాలని వర్తకునికి చెప్పారు. అంటే మూగజీవి బాధను యజమానికి చెప్పడమూ, సరుకులోని లోపాన్ని ఎత్తిచూపడమూ ప్రవక్త (స) సంప్రదాయమే.

'మనవాడే, బేరం ఎందుకు చెడగొట్టాలి?' అన్న మొహమాటం మన నోరు నొక్కేస్తుంది. నిజానికి చెప్పడమే అతనికి మేలు. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. ఒక్కదాని జబ్బు పంజరమంతా పాకవచ్చు. చిలుకజాతి పక్షుల ఎండిన రెట్ట ధూళి ద్వారా మనుషులకూ వ్యాధి సోకే ప్రమాదముంది. జాలిపడి జబ్బు పక్షిని కొనడం కూడా పరిష్కారం కాదు. ఆ ఖాళీలోకి మరొకటి వస్తుంది.

నలుగురిలో పరువు తీయకుండా, పక్కకు పిలిచి చెబుదాం. నీళ్లు పెట్టమని, జబ్బుదాన్ని వేరుచేసి పశువైద్యునికి చూపించమని కోరుదాం. వినకపోతే చట్టం ఉంది. ఆకలి, దాహం, ఇరుకు వల్ల బాధపడుతున్న జంతువును అమ్మకానికి పెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. 2018 నిబంధనల ప్రకారం ఇలాంటి దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి.

మర్నాడు మేము తిరిగి వెళ్లాం. ఆ పక్షి లేదు. అడిగితే దుకాణదారు తల వంచుకున్నారు. చెప్పవలసింది నెమ్మదిగా చెప్పాం. మా ముందే ఆయన గిన్నెలన్నీ నింపారు. ఆ మాట ఒక రోజు ముందే చెప్పి ఉండవలసింది.

మూగజీవుల విషయంలో మన మౌనాన్ని అల్లాహ్ మన్నించుగాక! చెప్పవలసిన చోట చెప్పే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.