డాకర్‌లో దాచేస్తే పోర్టబుల్ అయిపోతుందా?

"డాకర్ ఉండగా ఈ పోర్టబిలిటీ గోల ఎందుకండీ? ఇమేజ్ ఇచ్చేస్తే సరి!" ఈ మధ్య ఒక కుర్ర ఇంజినీరు ధీమాగా అన్న మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. ఇల్లు ఊడ్చి చెత్తను మంచం కిందకి తోసి, శుభ్రం చేశామనడమే ఇది.

ఆ ఇమేజ్‌లో ఉండేదేమిటి? ఒక జీసీసీ, ఒక గ్నూ లింకర్. బయటి ప్రపంచం అంతే అనుకుంటే ఎలా? ఫ్రీబీఎస్‌డీ 2014లో, 10.0 నాటికే క్లాంగ్‌కు మారింది. మ్యాక్‌లో జీసీసీ అని పిలిచినా పలికేది క్లాంగే. వాడని కోడు తీసెయ్యమని గ్నూ లింకర్‌కు చెప్పాలంటే జీసీ-సెక్షన్స్ అనాలి, మ్యాక్ లింకర్‌కు డెడ్-స్ట్రిప్ అనాలి. గ్నూ లింకర్ స్టాటిక్ లైబ్రరీలను ఎడమ నుంచి కుడికి చదువుతుంది, వరస తప్పితే సింబల్ దొరకలేదని మొరాయిస్తుంది. ఎల్‌ఎల్‌డీ అనే మరో లింకర్‌కు అంత పట్టింపు లేదు. ఇవేవీ చూడకుండా మేక్‌ఫైల్ మొదటి లైన్లోనే సీసీకి జీసీసీ అని రాసిపారేస్తారు. వాడేవాడు ఎన్విరాన్‌మెంట్‌లో వేరే కంపైలర్ పెట్టుకున్నా మేక్‌ఫైల్ మాటే నెగ్గుతుంది.

పైగా రిలీజ్‌లో కూడా వార్నింగులన్నిటినీ ఎర్రర్లుగా మార్చే ఫ్లాగ్ ఒకటి! కొత్త కంపైలర్ కొత్త వార్నింగ్ ఇస్తే మీ కోడుతో ఏ సంబంధమూ లేనివాడి బిల్డ్ ఆగిపోతుంది. ఆ ఫ్లాగ్ మీ మెషీన్లో పెట్టుకోండి, ఊరి మీద రుద్దకండి.

అసలు నా కోపం నోరు మూసుకుని తప్పు చేసే స్క్రిప్టుల మీద. కాన్ఫిగర్ స్క్రిప్టు చిన్న టెస్టు ప్రోగ్రాం రాసి కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ కాకపోతే ఆ ఫీచర్ ఈ మెషీన్లో లేదని తేల్చేస్తుంది. ఎందుకు కాలేదో అడగదు. డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్‌ను పిలవడాన్ని 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 డిఫాల్ట్‌గా ఎర్రర్ చేశాయి. దాంతో హెడర్ చేర్చని పాత టెస్టులు ఫెయిలయ్యాయి. ఫంక్షన్ మెషీన్లో నిక్షేపంగా ఉంది, స్క్రిప్టు మాత్రం లేదంటుంది. బిల్డ్ సక్సెస్, ఫీచర్ గల్లంతు.

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్ళు 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రోగ్రాంలో బ్యాక్‌డోర్ బయటపడిన వ్యవహారం గుర్తు తెచ్చుకోండి. ఆ ప్రాజెక్టు సీమేక్ ఫైల్లో, ల్యాండ్‌లాక్ రక్షణ ఉందో లేదో చూసే టెస్టులో ఒంటరిగా ఒక చుక్క పెట్టారు. ఆ చుక్కతో టెస్టు ఎప్పటికీ కంపైల్ కాదు, రక్షణ ఎప్పటికీ ఆన్ కాదు. బ్యాక్‌డోర్‌కు దారి కూడా రిలీజ్ టార్‌బాల్‌లోని ఒక ఎం4 ఫైల్ నుంచే. బిల్డ్ స్క్రిప్టును ఎవరూ చదవరన్న ధైర్యం అది. డాకర్ పేరుతో మీరు ఆ ధైర్యాన్నే పెంచుతున్నారు.

మరేం చేయమంటారు? ఆటోకాన్ఫా, సీమేకా, మీసనా అన్నది నాకనవసరం. కంపైలర్నీ ఫ్లాగుల్నీ వాడేవాడు చెప్పినవే తీసుకోండి. టెస్టు ఫెయిలైతే కారణం కళ్ళకు కనబడేలా చెప్పండి. సీఐలో జీసీసీతో ఒకసారి, క్లాంగ్-ఎల్‌ఎల్‌డీతో ఒకసారి కట్టి చూడండి. మిగతావి మీ ప్రాజెక్టును బట్టి మీకే తెలుస్తాయి. రెండో కంపైలర్ మొహమే చూడని స్క్రిప్టును మాత్రం నా ముందు పోర్టబుల్ అనకండి.