దూరపు కొండలు నునుపు, మరి దగ్గరి గుట్టలో?

మౌంటెన్ బైక్ కొనడం తేలికే. దాన్ని తొక్కడానికి చోటు వెతకడమే కష్టం. పుట్టినరోజుకో, మంచి మార్కులొచ్చాయనో పిల్లలకు లావు టైర్ల గేర్ సైకిల్ కొనిపెడతాం. పది రోజులు సెల్లార్‌లో స్తంభాల చుట్టూ తిరుగుతుంది. ఆ తర్వాత దాని హ్యాండిల్ మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తాం. మీ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది.

పిల్లలకు మోజు తీరిపోయిందని అనుకుంటాం గానీ, ఆ సైకిల్ మట్టి కోసం పుట్టింది. రెండంగుళాల వెడల్పు టైర్లు, వాటి మీద ఎత్తైన గళ్ళు, ముందు షాకులు, ఇవన్నీ గతుకుల కోసం పెట్టినవి. తారురోడ్డు మీద అవే టైర్లు బరువుగా లాగుతాయి. రెండు కిలోమీటర్లకే కాళ్ళు పీకి "నా వల్ల కాదమ్మా" అంటారు.

"మౌంటెన్ అన్నారు కాబట్టి కొండకే వెళ్ళాలి" అనేవాళ్ళు హైదరాబాద్‌లో అందరికంటే ముందు చెప్పే పేరు అనంతగిరి. నిజంగానే మంచి చోటు. చెట్లు, ఎత్తుపల్లాలు, పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన నేల. కానీ దాదాపు 75 కిలోమీటర్లు. సైకిల్‌ను కారుకు కట్టుకుని వెళ్ళి రావడానికే ఆదివారమంతా సరిపోతుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్ళేది విహారం. వారానికి మూడుసార్లు వెళ్ళగలిగేదే మన చోటు.

ఇక మంచి చోటంటే ఏమిటి? మా వారి స్నేహితులు అడిగే ప్రశ్నలు వేరు: ఎక్కుడు ఎంత, రాళ్ళు ఉన్నాయా, దిగుడు నిటారుగా ఉందా. నేను అడిగేవి వేరు: ఇంటికి ఎంత దూరం, పొద్దున ఆరింటికి అక్కడ ఇంకెవరైనా ఉంటారా, టాయిలెట్ ఉందా, ఫోన్ సిగ్నల్ అందుతుందా, కుక్కలున్నాయా. ఇవి పిరికి ప్రశ్నలని నవ్వేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. వీటికి జవాబు దొరకకే ఆడపిల్ల సైకిల్ సెల్లార్‌లో ఆగిపోతోంది.

మా మరిది కొడుకూ మా అమ్మాయీ ఒక ఈడు వాళ్ళు. వాడు గండిపేట వైపు వెళ్తానంటే పెద్దవాళ్ళు "హెల్మెట్ మర్చిపోకు" అంటారు. అదే మాట అమ్మాయి అంటే "ఎవరితో? ఎందుకు? ఇక్కడే తిరగొచ్చుగా?" అంటారు. అది ఓసారి నాతో అంది: "వాడికి దారి చెప్తారు, నాకు కారణాలు చెప్తారు." దానికి కోపగించుకోలేం, నిజమే కనుక.

అందుకే నేననేది, చోటు వెతికే పని మనం చేతిలోకి తీసుకోవాలి. నాలుగు బండ్లు చూడందే వంకాయలు కొనని మనకు ఇది పెద్ద విద్యేమీ కాదు. ఫోన్ మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి చూస్తే మన పేట చుట్టూ చెరువు కట్టలు, గుట్టల పక్క బండిబాటలు సన్నగా కనిపిస్తాయి. వాటిలో ఒకదాని మీదికి రోజూ చేసే వాకింగ్‌ను మార్చండి. వారం రోజుల్లో ఏ వేళకు ఎవరు వస్తారో, పాలవాళ్ళెవరో, గేదెలు తోలేదెవరో తెలుస్తుంది. ఆ గేదెల కాపరిని అడిగితే ఏ మ్యాపూ చెప్పని సంగతులు చెప్తాడు.

కాళ్ళ కింద నేల కూడా చూసుకోవాలి. ఎర్ర మొరం వాన వెలిశాక త్వరగా ఆరుతుంది. నల్లరేగడి జోలికి మాత్రం వానాకాలంలో పోవద్దు. బంకలా పట్టుకుని చక్రాన్నే తిరగనివ్వదు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ఉన్నచోట పంక్చర్ ఖాయం, కాబట్టి విడి ట్యూబూ చిన్న పంపూ సంచిలో ఉండాలి, ట్యూబ్ మార్చడం అమ్మాయికి వచ్చి ఉండాలి. అటవీ శాఖ బోర్డు కనిపిస్తే అనుమతి అడగకుండా లోపలికి వెళ్ళొద్దు. నీళ్ళు నిండిన పాత క్వారీల దరిదాపులకు అసలే వద్దు.

గేర్లు మార్చడం ఇంకా రానివాళ్ళకు ఓఆర్‌ఆర్ పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉంది. మట్టి లేకపోయినా చేయి తిరగడానికి పనికొస్తుంది.

తోడు మాటకొస్తే, నాకు పుదుక్కోట్టై గుర్తొస్తుంది. 1990ల మొదట్లో ఆ తమిళ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది పల్లెటూరి స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. కలెక్టరుగా ఉన్న షీలా రాణి చుంకత్ అండగా నిలిచారు. ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. కానీ గుంపుగా రోడ్డెక్కిన ఆడవాళ్ళను ఎంతమంది ఎంతకాలం ఎగతాళి చేస్తారు? మన వీధిలో నలుగురు తల్లులు, నలుగురు పిల్లలు ఒకే వేళకు బయల్దేరితే చాలు, ఆ నిర్మానుష్యమైన కట్ట మనుషులుండే చోటవుతుంది.

త్వరపడాల్సిన కారణం ఇంకొకటుంది. హైదరాబాద్ చుట్టూ గుట్టలు వెంచర్లవుతున్నాయి, చెరువు అంచులు కాంపౌండ్ గోడలవుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపిందంటే, అక్కడ చెట్లున్నాయని చూసి, తిరిగి, గొంతెత్తినవాళ్ళు ఉన్నారు కాబట్టి. ఎవరూ అడుగుపెట్టని మట్టిబాట పోయినా అడిగేవాళ్ళుండరు. రోజూ మన పిల్లలు తొక్కే బాటను మాయం చేయడం అంత తేలిక కాదు.

ఈ వారం మీ పేట చెరువు కట్ట మీదికి ఒకసారి నడిచి రండి. వెళ్ళేటప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి. ఏ రాయి దాటగలదో, ఎక్కడ దిగి నడిపించుకోవాలో మనకంటే తనకే బాగా తెలుస్తుంది.