ఖాళీ డబ్బా కనిపిస్తే బొమ్మ పోయినట్టు కాదు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చివరిదాకా చదవండి.

ఆగస్టు 9 వస్తుందంటే ఏటా ఇదే తంతు. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం పోస్టర్ల మీద మన బొమ్మ ఉండదు. ఎక్కడో అమెరికా ఆదివాసీల ఈకల కిరీటం ఉంటది. లేకపోతే ముఖం లేని నల్లటి నీడ ఒకటి బల్లెం పట్టుకొని ఎగురుతుంటది. గుస్సాడీల నెమలి ఈకల టోపీ, లంబాడా అద్దాల కుట్టుపని, మేడారం గద్దెలు గీయగల పిల్లలు వరంగల్ హాస్టళ్లలో లేరా? ఉన్నరు. కంప్యూటర్ మీదనే గీస్తున్నరు. మరి ఆ బొమ్మలు పోస్టర్ దాకా ఎందుకు పోతలేవు?

ఒక కారణం వింటే నవ్వొస్తది. ఫోల్డర్ తెరిస్తే అవి కనిపించవు! దిగుమతి చేసిన జేపీజీకి చిన్న బొమ్మ వస్తది. మన పిల్లలు గీసిన ఎస్‌వీజీ ఫైల్‌కు బ్రౌజర్ గుర్తో, తెల్ల కాగితం గుర్తో వస్తది. "ఫైల్ ఖరాబైంది, తీసెయ్ తమ్మీ" అంటరు. ఆ మాట మీదనే మా పేచీ.

ఫైల్ ఖరాబు కాలేదు. జేపీజీ అంటే వాకిట్లో వేసి ఉన్న ముగ్గు. ఎస్‌వీజీ అంటే ఎన్ని చుక్కలు, ఏ గీత ఎటు తిరగాలి, ఏ రంగు నింపాలి అని రాసిపెట్టిన కాగితం. ఆ కాగితం చదివి ముగ్గు వేసే మనిషి కావాలె. విండోస్ ఫోల్డర్‌లో ఆ మనిషి లేడు, అంతే. అదే ఫైల్‌ను క్రోమ్‌లో తెరిచి చూడండి, బొమ్మ నిండుగా కనిపిస్తది.

ఫోల్డర్‌లోనే కనిపించాలంటే ఇట్ల చేయండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ ఉచితమే. అది వేసుకొని ఫైల్ ఎక్స్‌ప్లోరర్ యాడ్-ఆన్స్‌లో ఎస్‌వీజీ థంబ్‌నెయిల్ ఆన్ చేయండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో "ఎప్పుడూ ఐకాన్లే చూపు" అనే దానికి టిక్ ఉంటే తీసేయండి. అప్పటికీ పాత గుర్తే వస్తుంటే డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్ తుడిచేయండి, కొత్తగా తయారవుతయి.

చిన్న బొమ్మ వచ్చినా ఖాళీగా ఉందా? గీసింది పేజీ బయట పడి ఉంటది. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే పేజీ బొమ్మకు సరిపోతది. ఫొటో ఉన్నచోట మాత్రమే ఖాళీగా ఉందా? ఫొటోను లింక్ చేసి వదిలేసిన్రు, ఎంబెడ్ చేయాలె. అక్షరాల జాగాలో డబ్బాలు వస్తున్నయా? ఆ ఫాంట్ ఈ కంప్యూటర్‌లో లేదు.

ఈ డబ్బాల సంగతి మనకు మరీ ముఖ్యం. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో చేతిరాత పుస్తకాల్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో 63 గుర్తులతో చోటు దక్కింది. కానీ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ లిపి ఇప్పటికీ డబ్బాలే. నోటో వాళ్ల గుంజాల గోండి ఫాంట్ ఉచితంగా దొరుకుతది, వేసుకోండి. ప్రింటుకు పంపేటప్పుడు అక్షరాలను పాత్‌గా మార్చిన కాపీ పంపండి, మార్చని అసలు కాపీ దాచుకోండి. పాత్‌గా మారినంక అది గీతే, మళ్లీ అక్షరంగా దిద్దలేరు.

"ఇంత తిప్పలెందుకు, జేపీజీ చాలదా" అనేవాళ్లకు ఒక్కటే జవాబు. వాట్సాప్‌లో ఫొటోగా తిరిగిన జేపీజీని పది అడుగుల ఫ్లెక్సీ మీదికి లాగితే భీం ముఖం గళ్లుగళ్లుగా పగిలిపోతది. ఎస్‌వీజీని బ్యాడ్జీ సైజులో వేసినా, గోడంత వేసినా గీత చెదరదు. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. అక్కడ కూడా బొమ్మ కనిపించదు, కంగారు పడకండి. పక్కన చిన్న పీఎన్‌జీ ఒకటి పెట్టండి, చూసేవాళ్లకు అది చాలు.

ఇంకో మాట. డబ్బులు మనయి, ఆలోచన మనది, ఒక్కోసారి గీసిన చెయ్యి కూడా మనదే. కానీ అసలు సీడీఆర్ ఫైల్ డిజైన్ షాపులో ఉంటది, మన చేతికి జేపీజీ వస్తది. వచ్చే జాతరకు తేదీ మార్చాలన్నా మళ్లీ డిజైన్ చార్జీ. ఇది మనం ఒప్పుకోవద్దు. పని ఇచ్చేముందే చెప్పండి: సీడీఆర్‌తోపాటు ఎస్‌వీజీ, పీడీఎఫ్ కూడా ఇస్తేనే బిల్లు.

భూమికి పట్టా అడిగే మనం బొమ్మకు అసలు ఫైల్ అడగకపోతే ఎట్ల? ప్రతి హాస్టల్ నుంచి ఇద్దరు ముందుకు రండి. మన బొమ్మల అసలు ఫైళ్లన్నీ ఒక్కచోట చేర్చుదాం. వచ్చే ఆగస్టు 9న వరంగల్‌లో ఈకల కిరీటం పోస్టర్ ఒక్కటి కూడా కనిపించొద్దు.

జోహార్ కొమురం భీం!