బెంచీకి కట్టే ఫీజు

డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ లేదు. ఒక్క డాలరు కూడా లేదు. 1973లో అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ తన కాలేజీలను మూడు శ్రేణులుగా విడగొట్టినప్పుడు, ఆటగాళ్లకు డబ్బివ్వం అన్న కాలేజీల కోసమే మూడో శ్రేణి పుట్టింది. ఇవాళ అందులో సుమారు 430 కాలేజీలున్నాయి. 400 చోట్ల దాకా మగపిల్లల సాకర్ జట్లున్నాయి. ఆ జట్లలో ఏ కుర్రాడికీ బంతి తన్నినందుకు ఫీజు తగ్గదు. అయినా ప్రతి ఏప్రిల్‌లో డాలస్ నుంచి ఎడిసన్ దాకా మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "మా వాడికి సాకర్ స్కాలర్‌షిప్ వచ్చిందండీ" అన్న కబురు తిరుగుతూనే ఉంటుంది. రాలేదు. రావడానికి నిబంధనే ఒప్పుకోదు. వచ్చింది మెరిట్ ఎయిడ్ పేరుతో ఫీజులో తగ్గింపు. బంతి ముఖం చూడని పిల్లలకూ అదే కాలేజీ అదే తగ్గింపు ఇస్తుంది.

ఆ తల్లిదండ్రులను తప్పు పట్టను. వాళ్లకు అలా అర్థమయ్యేలా మాట్లాడిన వాళ్లున్నారు. తగ్గింపును ఆటకు దక్కిన గౌరవంగా నమ్మించి, పద్దెనిమిదేళ్ల కుర్రాడి చేతా వాడి అమ్మానాన్నల చేతా నాలుగేళ్ల అప్పు పత్రాల మీద సంతకం పెట్టించుకుంటున్న వ్యవస్థ మీద నాకు కోపం. ఆ కోపాన్ని మర్యాద మాటల్లో దాచే ఉద్దేశం లేదు.

ఆట మీద నాకు ప్రేమే. పెన్సిల్వేనియాలోని మెసయా అనే చిన్న క్రైస్తవ కాలేజీ 2000 నుంచి 2017 లోపు 11 జాతీయ టైటిళ్లు గెలిచింది. 2022లో షికాగో విశ్వవిద్యాలయం జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు ఎత్తింది. దాని కోచ్ జూలియన్ సిచ్, మగవాళ్ల సాకర్‌లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిపించిన మొట్టమొదటి మహిళ. టీవీ డబ్బు లేకుండా, ప్రొఫెషనల్ లీగ్ ఆశ పెద్దగా లేకుండా, పొద్దున ల్యాబు, సాయంత్రం ప్రాక్టీసు చేసుకుంటూ ఆడే పిల్లలు అంత బాగా ఆడగలరని చూపించే జట్లు అవి. అంత మంచి ఆటను తీసుకెళ్లి అడ్మిషన్ల ఆఫీసు చేతిలో పెట్టిన కాలేజీ అధ్యక్షులతోనే నా తగాదా.

వాళ్లు ఎందుకు పెట్టారో చూడండి. అమెరికాలో 2007లో 43 లక్షల మంది పిల్లలు పుట్టారు. మరుసటేడు ఆర్థిక మాంద్యం వచ్చింది, అక్కణ్నుంచి జననాలు తగ్గుతూ పోయాయి. 2007లో పుట్టిన వాళ్లకు 2025లో పద్దెనిమిది నిండాయి. ఇక మీదట హైస్కూలు దాటి వచ్చే పిల్లల సంఖ్య ఏటేటా తగ్గేదే. పైగా కాలేజీకి వచ్చే వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ, మగపిల్లలు అంతగా రావడం లేదు. ఎండోమెంట్ అనే మూలనిధి అంతగా లేని, ఏ ఏటి ఫీజుతో ఆ ఏడు గడిపే చిన్న కాలేజీకి ఇది ప్రాణం మీదికొచ్చిన సంగతి. అప్పుడు వాళ్ల కంట పడింది సాకర్. హెల్మెట్లు అక్కర్లేదు, ప్యాడ్లు అక్కర్లేదు. ఒక మైదానం, రెండు గోల్‌పోస్టులు, ఒక కోచ్. నలభై మంది మగపిల్లలు దిగుతారు.

దీన్ని బాహాటంగా సిద్ధాంతం చేసిన వాళ్లూ ఉన్నారు. మిషిగన్‌లోని ఏడ్రియన్ కాలేజీకి 2005లో జెఫ్రీ డాకింగ్ అధ్యక్షుడయ్యాడు. అప్పటికి విద్యార్థులు వెయ్యి మంది కూడా లేరు. వరసగా కొత్త జట్లు పెట్టాడు, ప్రతి కోచ్‌కూ ఇంతమందిని చేర్చాలని లెక్క కట్టి ఇచ్చాడు, కొద్ది ఏళ్లలో విద్యార్థుల సంఖ్య దాదాపు రెట్టింపయింది. చిన్న కాలేజీలను కాపాడే దారి ఇదేనని 2015లో పుస్తకం కూడా రాశాడు. దాచకుండా చెప్పినందుకు ఆయన్ని గౌరవిస్తాను. ఆ దారినే నడుస్తూ, కుర్రాడి ముందు మాత్రం "నువ్వు మా భవిష్యత్తు ప్రణాళికలో ఉన్నావు" అని పలికే వాళ్లను గౌరవించలేను.

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల సంగతి తెలిసిన వాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో లెక్చరర్లు కూడా అడ్మిషన్ల టార్గెట్ నెత్తిన పెట్టుకుని పదో తరగతి పిల్లల ఇళ్ల చుట్టూ తిరుగుతారు. పాఠం చెప్పాల్సిన మనిషి సీటు అమ్మే మనిషి అవుతాడు. ఇక్కడి చిన్న కాలేజీ సాకర్ కోచ్ చేస్తున్నదీ అదే పని. ఆగస్టు నుంచి నవంబర్ దాకా జట్టు, మిగతా ఏడంతా ఫోన్లు, ఈమెయిళ్లు, టోర్నమెంట్ల అంచున మడత కుర్చీలు. ఎన్ని మ్యాచ్‌లు గెలిచాడన్నది ఒక్కటే కాదు, శరదృతువులో ఎన్ని తలలు చేర్చాడన్నది కూడా అతని ఉద్యోగాన్ని నిలబెడుతుంది. చాలామంది కోచ్‌లు మంచివాళ్లు, ఆట కోసం తక్కువ జీతానికి వచ్చినవాళ్లు. వాళ్ల చేత ఈ పని చేయిస్తున్నందుకు కూడా నాకు కోపమే.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. నలభై ఐదు మంది కుర్రాళ్లు, తగ్గింపులు పోను ఒక్కొక్కరు ఏడాదికి 25,000 డాలర్లు కడతారనుకోండి. పదకొండు లక్షల డాలర్లు దాటుతుంది. మైదానంలో దిగేది పదకొండు మంది. సబ్‌స్టిట్యూషన్లు ఉదారంగానే ఉంటాయి కాబట్టి ఇంకో ఏడెనిమిది మందికి ఆట దొరుకుతుందనుకుందాం. మిగిలిన పాతిక మంది సంగతేమిటి? రిజర్వు జట్టు అంటారు, డెవలప్‌మెంట్ స్క్వాడ్ అంటారు. వాళ్లలో చాలామంది బయటి ఊరి మ్యాచ్‌కి బస్సెక్కరు. ప్రాక్టీసుకు మాత్రం రోజూ రావాలి, ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. రెండో ఏడు సగం మంది మానేసినా కాలేజీకి నష్టం లేదు. వాళ్లు జట్టు వదులుతారు గానీ, స్నేహితులు, క్రెడిట్లు, అప్పు అన్నీ అక్కడే కాబట్టి కాలేజీ వదలడం కష్టం. ఖాళీ అయిన చోట్లకు కొత్త బ్యాచ్‌ని పిలుస్తారు.

అసలు అన్యాయం ఇక్కడుంది. ఆటగాళ్లకు కాలేజీలు డబ్బివ్వడం గురించి నడిచిన హౌస్ కేసు ఒప్పందాన్ని న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ 2025 జూన్‌లో ఆమోదించాక, అందులో చేరిన డివిజన్ వన్ విశ్వవిద్యాలయాల్లో మగవాళ్ల సాకర్ జట్టుకు 28 మందే పరిమితి అయింది. అంటే కాలేజీ కుర్రాడికి డబ్బు ఇచ్చే చోట జట్టుకు హద్దు ఉంది. కుర్రాడే కాలేజీకి డబ్బు కట్టే డివిజన్ త్రీలో అలాంటి హద్దేమీ లేదు. ఈ తేడాకి డబ్బు తప్ప ఇంకో కారణం ఎవరైనా చూపిస్తే వింటాను.

ఇక ధర. చిన్న ప్రైవేటు కాలేజీల బోర్డు ధర ఆషాఢం సేల్‌లో చీర మీది రేటు లాంటిది. కొట్టేయడానికే రాస్తారు. ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా చేరే విద్యార్థులకు ఇచ్చే సగటు తగ్గింపు ట్యూషన్‌లో సగాన్ని ఎప్పుడో దాటింది. "మీ వాడికి ఏడాదికి 25,000 డాలర్ల స్కాలర్‌షిప్" అన్న ఉత్తరం చేతికొచ్చినప్పుడు కళ్లు చెమర్చే నాన్నలకు, పక్కింటి పిల్లకూ అలాంటి ఉత్తరమే వచ్చిందని తెలియదు. మిగిలింది ఎంత కట్టాలో ఆ ఉత్తరంలో సరిగ్గా ఉండదు కూడా. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే జీఏఓ 2022లో పరిశీలించి, నూటికి 91 కాలేజీలు తమ ఎయిడ్ ఉత్తరాల్లో విద్యార్థి నికరంగా కట్టాల్సిన మొత్తాన్ని తక్కువ చేసి చూపుతున్నాయనో, అసలు చూపడమే లేదనో తేల్చింది. ఇంకో సంగతి, ఫీజు ఏటా పెరుగుతుంది. మెరిట్ ఎయిడ్ చాలాచోట్ల మొదటి ఏడు ఎంతో నాలుగో ఏడూ అంతే. పెరిగిందంతా మీ నెత్తిన.

తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ విద్యార్థి తన పేరు మీద నాలుగేళ్లకు తీసుకోగల ఫెడరల్ అప్పు 27,000 డాలర్లే. మిగతాది అమ్మానాన్నలే తెచ్చుకోవాలి. ఇన్నాళ్లూ పేరెంట్ ప్లస్ లోన్ కింద చదువు ఖర్చు ఎంతుంటే అంత ఇచ్చేవారు. 2026 జులై 1 నుంచి తీసుకునే కొత్త అప్పులకు ఏడాదికి 20,000, ఒక్కో పిల్లవాడికి మొత్తం 65,000 డాలర్ల పరిమితి పెట్టారు. ఆ పైన కావాలంటే ప్రైవేటు బ్యాంకు, లేదా ఇంటి మీద రెండో అప్పు. కాలేజీలు ధర దించుతాయని ఎవరైనా అనుకుంటుంటే, పరిమితి వచ్చాక కూడా మన ఇంటికి వస్తున్న రంగురంగుల బ్రోషర్లు చూడండి.

ఇంతకు ముందే కుటుంబం ఎంత ఖర్చు పెట్టిందో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. క్లబ్ సాకర్‌కు ఏడాదికి వేల డాలర్లు. షోకేస్ టోర్నమెంట్లకు విమానాలు, హోటళ్లు. హైలైట్ వీడియో ఎడిటింగ్. పేరు పెట్టి పిలిచినట్టు కనిపించే మూకుమ్మడి ఈమెయిల్‌తో ఆహ్వానం పంపి, వందల డాలర్లు తీసుకుని, కోచ్ ఒకటి రెండు రోజులు చూసే ఐడీ క్యాంపులు. ఆ క్యాంపులో కోచ్‌కి నిజంగా కావాల్సిన వాళ్లు ఇద్దరో ముగ్గురో, ఫీజు కట్టింది అందరూ. అమెరికా హైస్కూళ్లలో సాకర్ ఆడే మగపిల్లలు నాలుగు లక్షలు దాటుతారు. వాళ్ల కలలే ఈ సంతకు పెట్టుబడి.

ఎండోమెంట్ దండిగా ఉన్న కాలేజీలకు మాత్రం ఇది బతుకుదెరువు కాదు. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, టఫ్ట్స్ లాంటి చోట్ల కోచ్ చేతిలో ఉన్నది సీటు. వేసవిలో ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకుని అడ్మిషన్ల ఆఫీసు చేత ముందే చదివిస్తాడు. పచ్చజెండా ఊపితే, ఎర్లీ డెసిషన్ కింద దరఖాస్తు చేయమంటాడు. ఎర్లీ డెసిషన్ అంటే ఎంపికైతే చేరి తీరాలి, వేరే కాలేజీ ఇచ్చే ధరతో పోల్చుకునే అవకాశం వదులుకోవాలి. ఏడాది ఖర్చు 90,000 డాలర్లు దాటిన టఫ్ట్స్ లాంటి చోట ఆ అవకాశం విలువ ఎంతో చెప్పక్కర్లేదు. అవసరం ఉన్న వాళ్లకు ఈ కాలేజీలు బాగానే సాయం చేస్తాయి, అది నిజం. కానీ అవసరం ఎంతో తేల్చేది వాళ్లే. ఎయిడ్ లెక్కకట్టడంలో కూడబలుక్కుని తక్కువ ఇచ్చారని 2022లో కొన్ని పేరున్న విశ్వవిద్యాలయాల మీద కేసు పడితే, తప్పు ఒప్పుకోకుండానే మొట్టమొదట రాజీకొచ్చి 1.35 కోట్ల డాలర్లు కట్టింది షికాగో విశ్వవిద్యాలయం. పైన నేను మెచ్చుకున్న జట్టు ఉన్న విశ్వవిద్యాలయమే. మైదానంలో వాళ్లను మెచ్చుకుంటాను, ఫీజు కౌంటర్ దగ్గర నమ్మను.

మన వాళ్లలో హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లల సంగతి మరీ దారుణం. రెండేళ్లప్పుడు వచ్చి, ఇక్కడి స్కూలు జట్టుకే కెప్టెన్ అయిన కుర్రాడికి కూడా ఫెడరల్ గ్రాంట్ లేదు, ఫెడరల్ అప్పు లేదు, పేరెంట్ ప్లస్ లేదు, క్యాంపస్‌లో గంటకింతని పని చేసుకునే హక్కు కూడా లేదు. చాలా ప్రైవేటు కాలేజీలు ఆ కుర్రాణ్ని విదేశీ విద్యార్థుల వరసలో నిలబెడతాయి. ఇరవై ఒకటి నిండేసరికి గ్రీన్‌కార్డు రాకపోతే ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి, లేదా దేశం వదలాలి. అంటే ఇతడు తగ్గింపు పోను మిగిలినదంతా రొక్కంగా కట్టే కస్టమర్. ఇలాంటి కుర్రాడికి ఫోన్ చేసే కోచ్ వీసా సంగతి ముందు అడగాలి. ఎంతమంది అడుగుతున్నారు?

పోనీ ఇంత చేసి కాలేజీ అయినా నిలబడుతుందా? న్యూయార్క్ రాష్ట్రంలోని కాజెనోవియా 2023లో మూతపడింది. ఫిలడెల్ఫియా పక్కన కబ్రీని 2024లో మూతపడింది. అదే న్యూయార్క్ రాష్ట్రంలో వెల్స్ కాలేజీ, 2024 ఏప్రిల్ 29న ప్రకటించి ఆ సెమిస్టర్‌తోనే తలుపులేసింది. మూడూ డివిజన్ త్రీ కాలేజీలే, మూడింట్లోనూ మగపిల్లల సాకర్ ఉండేది. వేరే చోట చేరితే క్రెడిట్లన్నీ చెల్లకపోవచ్చు, కొత్త కోచ్‌కి వీడెవడో తెలియదు. అప్పు మాత్రం ఎక్కడికెళ్లినా వెంట వస్తుంది.

"ఎవర్నీ బలవంతం చేయలేదు, ఇష్టపడే వచ్చారు" అంటారు అధ్యక్షులు. ఇష్టపడ్డారు నిజమే. ఏం చూసి ఇష్టపడ్డారు? జట్టులో ఎంతమందిని చేర్చబోతున్నారో చెప్పారా? మీ పొజిషన్‌లో ఇంకో ఐదుగురికి ఇదే మాట చెప్పామని చెప్పారా? నిజం తెలిసి కూడా "ఆడకపోయినా ఫర్లేదు, ఆ జట్టుతో ఉండాలి" అనుకునే కుర్రాళ్లుంటారు. వాళ్ల నిర్ణయానికి నమస్కారం. నిజం దాచి తీసుకున్న సమ్మతిని సమ్మతి అనుకోవడం నాకు చేతకాదు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ప్రతి జనవరిలో ఎన్‌సీఏఏ మహాసభ జరుగుతుంది, డివిజన్ త్రీలో కాలేజీకి ఒక ఓటు. సాకర్ జట్టుకు ముప్పై మంది హద్దు పెట్టే తీర్మానం తేవాలి. చేర్చుకునే సంఖ్యతో కోచ్ ఉద్యోగాన్ని ముడిపెట్టడం నిషేధించాలి. 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి జట్టులో ఎంతమంది ఉన్నారో కాలేజీలు కేంద్ర విద్యాశాఖకు ఏటా చెప్పాలి, ఆ లెక్క ఎవరైనా చూసుకోవచ్చు. దానికి ఆడిన నిమిషాలూ, నాలుగో ఏడు దాకా నిలిచిన వాళ్ల సంఖ్యా చేర్చాలి.

ఆ తీర్మానం రేపే రాదు. ఈలోగా మీ ఇంట్లో పదకొండో తరగతి కుర్రాడు ఉంటే, కాలేజీ జట్టు జాబితా ఈ ఏటిదీ మూడేళ్ల కిందటిదీ పక్కపక్కన పెట్టుకుని, అప్పుడు ఫస్టియర్‌లో ఉన్న పేర్లు ఇప్పుడెన్ని మిగిలాయో లెక్కపెట్టండి. కాలేజీల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. తర్వాత కోచ్‌కి రాయండి: ఈసారి ఎంతమందిని చేరుస్తున్నారు, మా వాడి పొజిషన్‌లో ఎంతమంది, కిందటేడు ఒక్క నిమిషమూ ఆడనివాళ్లు ఎంతమంది? ఎయిడ్ ఆఫీసుకు వేరేగా రాయండి: నాలుగేళ్లకూ కలిపి మేం కట్టేది ఎంత, ఫీజు పెరిగితే ఎయిడ్ పెరుగుతుందా? ఎయిడ్ గురించి మాట ఇచ్చే అధికారం కోచ్‌కి నిబంధనల ప్రకారమే లేదు కాబట్టి, ఆయన నోటి మాట మీద ఏ లెక్కా వేయకండి. జవాబులు ఈమెయిల్‌లో, అంకెల్లో రావాలి. "ఫోన్‌లో మాట్లాడుకుందాం" అంటే ఒప్పుకోకండి. అంకెలు వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి.