వాగు నీళ్ళు అన్నం మెతుకు కాదు

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటాం. నిజమే, కుండలోని మెతుకులన్నిటికీ నీరూ మంటా ఒకటే. ఈ లెక్క వాగుకి పనికిరాదు. పొద్దున పారిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు. అయినా ఏ మధ్యాహ్నమో ఒక్క సీసా నింపుకెళ్ళి, 'అంతా పరిమితిలోనే ఉంది' అని కాగితమిస్తే మనం నోరు మూసుకోవాల్సిందేనా?

నమూనా తీయడమంటే సీసా ముంచడం కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు, దేనికోసం అన్నది ముందే తేల్చుకోవాలి. ఫ్యాక్టరీ నీరు కలవక ముందు ఒకచోట, కలిశాక ఇంకోచోట తీస్తేనే తేడా తెలిసేది. వేసవిలోనూ తీయాలి, వానల్లోనూ తీయాలి. గంటగంటకీ కాస్త కాస్త పట్టి కలిపితే రోజు సగటు తెలుస్తుంది. కానీ అర్ధరాత్రి గుట్టుగా వదిలింది ఆ సగటులో కలిసిపోతుంది. దాన్ని పట్టాలంటే ఆ వేళకే వెళ్ళాలి.

దేనికోసం వెతుకుతున్నామన్నదీ ముఖ్యమే. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందట! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మందుల కోసం వెతికారు కనక దొరికింది. వెతకనిది ఏ సీసాలోనూ దొరకదు.

1974 నాటి నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ ప్రకారం, కోర్టులో చెల్లాల్సిన నమూనా తీసేటప్పుడు ఫ్యాక్టరీవారికి అప్పటికప్పుడు నోటీసివ్వాలి. వాళ్ళ ఎదుటే రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాలి. మంచిదే, ఎవరికీ అన్యాయం జరక్కూడదు. మరి ఆ నీళ్ళు వాడుకునేవాళ్ళ మాటకి అందులో చోటేదీ?

ఫ్యాక్టరీల పక్కన కాపురముండే ఏ ఇల్లాలినైనా అడగండి. ఘాటు ఏ వేళకి కొడుతుందో, ఏ వానకి వాగు రంగు మారుతుందో, ఏ బోరు నీళ్ళకి పప్పు ఉడకదో చెబుతుంది. అధికారులు ప్రణాళిక వేసేముందు మహిళా సంఘాలతో ఒక్కపూట కూర్చుంటే పోయేదేముంది? తేదీ ముందే చెప్పమనడం లేదు. చెబితే ఆ రోజు తూములన్నీ శుభ్రంగానే ఉంటాయి! ఫలితాలు మాత్రం పంచాయతీ గోడ మీద అందరికీ కనిపించాలి.

ఈలోగా మనం చేయగలిగిందీ ఉంది. పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే, వాసనొచ్చిన రోజూ వేళా కూడా రాద్దాం. 'ఎప్పుడు రమ్మంటారు?' అని అధికారులు అడిగితే చూపించడానికి మన దగ్గరా ఓ లెక్క ఉండాలి కదా!